కొండకు ఒక కటకము, కొంగకు ఒక కటకము

కెమెరా కొనదలచినవారు మమ్ము అడుగు మొదటి ప్రశ్న ఒక్కటే: "ఏ లెన్సు మంచిది?" ఈ ప్రశ్నకు ఒక్కమాటలో సమాధానము చెప్పుట సాధ్యము కాదు. వంటయింటిలో కత్తిపీట మంచిదా, అట్లకాడ మంచిదా అని అడిగినచో ఏ ఇల్లాలైనను నవ్వును. పనిని బట్టి పనిముట్టు. లెన్సు విషయమును ఇట్టిదే. దీనినే మన పాఠ్యపుస్తకములు కటకము అని పిలుచుచున్నవి. ఏ కటకము మంచిదని కాదు, దేనిని తీయవలెను, ఎంత దూరము నుండి తీయవలెను, ఏ వెలుతురులో తీయవలెను అని అడుగవలెను. ఈ మూడింటికిని సమాధానము దొరికినచో, కటకము తనంతట తానే తేలును.

ఈ సంగతిని కాగితముమీద గాక ఆరుబయట తేల్చుకొనవలెనని గడచిన శీతకాలమున మేము కొందరము మిత్రులము రెండు యాత్రలు చేసితిమి. ఒకటి కొండలకు, రెండవది పక్షులకు. సంచిలో నాలుగు కటకములు వేసికొంటిమి. వానిని చేసిన కంపెనీల పేర్లతో మనకు పని లేదు. వాని అంకెలు మాత్రము చెప్పెదము: 24, 50, 100, 400. ఇవి మిల్లీమీటర్లు.

ముందుగా ఈ అంకెల అర్థము తెలిసికొందము. మిక్కిలి దూరముననున్న వస్తువునుండి వచ్చు వెలుగు కటకమును దాటి ఎంత దూరమున స్పష్టమైన బింబముగా కూడునో, ఆ దూరమునకు నాభ్యంతరము అని పేరు. నాభ్యంతరము చిన్నదైనచో కెమెరా చూపు విశాలమగును. పెద్దదైనచో చూపు ఇఱుకై, బింబము పెద్దదగును. పూర్వపు ఫిలిము చట్రము 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల ఎత్తు కలది. నేటి డిజిటల్ కెమెరాలలో అనేకములకు అదియే కొలత. ఆ చట్రమునకు 24 కటకము ఒక మూలనుండి ఎదుటి మూలకు 84 డిగ్రీల మేర చూపును. 50 కటకము 46 డిగ్రీలు, 400 కటకము కేవలము 6 డిగ్రీలు. ఒకటి తెఱచిన వాకిలి, మఱియొకటి కిటికీ, ఇంకొకటి తాళపు రంధ్రము అనుకొందము.

కటకముమీద రెండవ అంకె యొకటి యుండును. అది వెలుగు ప్రవేశించు రంధ్రముయొక్క కొలత. నాభ్యంతరమును రంధ్రపు వ్యాసముచే భాగింపగా ఈ అంకె వచ్చును. కావున అంకె చిన్నదైనకొలది రంధ్రము పెద్దది. 50 కటకమునకు 2 అను అంకె కావలెనన్నచో 25 మిల్లీమీటర్ల రంధ్రము చాలును. అదే 400 కటకమునకు 2.8 కావలెనన్నచో 143 మిల్లీమీటర్ల రంధ్రము, అనగా టీ సాసరంత వెడల్పు గల గాజు, కావలసియుండును. పెద్ద కటకముల బరువునకును, వెలకును ఇదియే కారణము. మా 400 కటకపు అంకె 5.6. అది సాసరంత కటకము ఇచ్చు వెలుగులో నాలుగవ వంతు మాత్రమే ఇచ్చును. కాని దానిని భుజమున వేసికొని రెండు మైళ్ళు నడువవచ్చును.

బయలుదేరుటకు ముందు ఇంటివద్దనే ఒక పరీక్ష చేసితిమి. ఇది ఎవరైనను చేయదగినది. వార్తాపత్రిక పుటలు నాలుగింటిని గోడకు బిగువుగా అంటించి, కెమెరాను ముక్కాలి పీటపై గోడకు సూటిగా నిలిపి, చేయి తగులకుండ చిత్రములు తీయవలెను. పిదప చిత్రపు నడుమనున్న అక్షరములను, మూలలనున్న అక్షరములను పెద్దవిగా చేసి చూడవలెను. మా 24 కటకము రంధ్రము పూర్తిగా తెఱచినపుడు నడుమ స్పష్టముగను, మూలల మసకగను ఉండెను. 8 వద్ద నాలుగు మూలలును తేటపడినవి. రంధ్రమును మఱింత ముడిచి 22 వద్దకు తెచ్చినపుడు చిత్రమంతయు కొంచెము మెత్తబడెను. సన్నని రంధ్రమును దాటునపుడు వెలుగు పక్కలకు వంగుటయే ఇందులకు కారణము. దీనిని వివర్తనము అందురు. ఇది కటకముయొక్క దోషము కాదు, వెలుగుయొక్క స్వభావము. గోడ పరీక్షవలన కటకముయొక్క ఆరోగ్యము తెలియును. దాని గుణము తెలియవలెనన్నచో గడప దాటవలెను.

మా మొదటి యాత్ర గండికోటకు. కడప సీమలో, జమ్మలమడుగు సమీపమున, పెన్నానది ఎఱ్ఱమల కొండలను చీల్చుకొని పాఱుచు లోతైన గండిని ఏర్పఱచినది. ఆ గండి అంచున కోట కలదు. కోటలో మాధవరాయ, రంగనాథ ఆలయములును, జామా మసీదును, ధాన్యాగారమును నేటికిని నిలిచియున్నవి. గండికి ఇరువైపుల ఎఱ్ఱని రాతిపొరలు ఒకదానిపై నొకటి పేర్చిన పెట్టెలవలె నుండును.

అంత విశాల దృశ్యము కనబడగానే ఎవరికైనను విశాలమైన కటకము బిగింపవలెనని తోచును. మేమును 24 కటకముతోనే మొదలిడితిమి. గండి యంతయు చిత్రములో పడినది. కాని కన్నులకు అంత గంభీరముగా తోచిన లోయ చిత్రములో ఒక సన్నని గీతవలె నుండెను. క్రిందనంతయు బండలు, పైనంతయు ఆకాశము. విశాల కటకము అన్నింటిని చూపును, కాని అన్నింటిని చిన్నవిగా చూపును. దానికి ఎదురుగా ఏదైన ఒక ప్రధాన వస్తువును చేరువలో నిలిపినగాని చిత్రమునకు బలము రాదు. అందుచేత అంచునకు చాల లోపలగా నున్న ఒక పగిలిన బండకు ఆఱడుగుల దూరమున నిలిచి, బండను ముందుంచుకొని మరల తీసితిమి. అప్పుడు కంటికి దారి దొరికెను. బండనుండి లోయకు, లోయనుండి నదికి చూపు సాగెను.

ఇచ్చట విశాల కటకమునకు గల మఱియొక సౌకర్యము చెప్పవలెను. 24 కటకమున రంధ్రపు అంకెను 11 వద్ద నుంచి, ఇంచుమించు 6 అడుగుల దూరమునకు స్పష్టతను సరిచేసినచో, 3 అడుగులనుండి దిగంతము వఱకును సమస్తము తేటగా నుండును. కాలివద్ద గడ్డిపోచయు, ఆవలి కొండయు ఒకే చిత్రములో స్పష్టముగా రావలెనన్నచో ఇదియే మార్గము.

దీర్ఘ కటకము దూరపు కొండలను దగ్గఱకు లాగి, ఒకదానికొకటి అంటించునని చాలమంది నమ్మకము. దీనిని గండికోటలో పరీక్షించితిమి. ఒకేచోట ముక్కాలి పీట నిలిపి, 24 తోను, 100 తోను అదే దృశ్యమును తీసితిమి. పిదప 24 చిత్రములో నడిమి భాగమును మాత్రము కత్తిరించి పెద్దది చేసి చూడగా, తేటదనము తగ్గినమాట నిజమేకాని, బండకును కొండకును గల పొందిక రెండింటను ఒక్కటియే. అటుపిమ్మట ఆఱడుగుల దూరమున నిలిచి 24 తో బండను తీసి, ఇంచుమించు ఇరువదియైదు అడుగులు వెనుకకు జరిగి 100 తో అదే బండను తీసితిమి. ఈ పర్యాయము బండ రెండు చిత్రములలోను ఒకే పరిమాణమున నున్నది. దాని వెనుకనున్న ఆవలి కొండగోడ మాత్రము రెండవ చిత్రములో నాలుగు రెట్లు పెద్దదై బండపైకి వ్రాలినట్లుండెను. మార్పు తెచ్చినది కటకము కాదు, మా కాళ్ళు. ఎచ్చట నిలిచితిమో అదియే పొందికను నిర్ణయించును. అందులో ఎంత భాగమును గ్రహింపవలెనో కటకము నిర్ణయించును. ఈ ఒక్క సూత్రము తెలిసినవారికి సగము కటకములు కొనవలసిన పని తప్పును.

ఉదయపు ఏటవాలు వెలుగులో ఆవలి గోడయొక్క రాతిపొరలను, వాని నీడలను మాత్రమే 100 కటకముతో ఏఱి తీసిన చిత్రములు మాకు మిక్కిలి నచ్చినవి. ఆకాశమును ముదురు నీలముగా చూపు ధ్రువణ గాజును విశాల కటకమునకు తగిలించుట మాత్రము మంచిది కాదు. దాని ప్రభావము సూర్యునికి 90 డిగ్రీల దిక్కున హెచ్చుగను, ఇతర దిక్కుల తక్కువగను ఉండును. 84 డిగ్రీల చూపులో ఆకాశము ఒకవైపు నల్లగను, ఒకవైపు తెల్లగను వచ్చును. ఇంకొక హెచ్చరిక. గండి అంచున అడ్డుగోడ లేని చోట్లు కలవు. కెమెరాలో చూచుచు అడుగు వెనుకకైనను ముందుకైనను వేయరాదు. కన్ను కెమెరానుండి తీసి, నేలను చూచి, పిదప కదలవలెను.

గండికోటను దాటిన పెన్న తూర్పుగా సాగి నెల్లూరు సీమలో సముద్రమును చేరును. మేమును ఆ దిక్కుననే పోయి, నెల్లూరు దాటి దక్షిణమునకు మఱలి సూళ్ళూరుపేట ప్రాంతమును చేరితిమి. నేలపట్టు పక్షి సంరక్షణ కేంద్రము అచ్చటికి సమీపముననే కలదు. అది 1976లో ఏర్పడినది. చెరువు నీటిలో మునిగియుండు కడప చెట్లపై గూడబాతులు శీతకాలమున గూళ్ళు కట్టి పిల్లలను పెంచును. వానితోపాటు నత్తగుల్ల కొంగలు, నీటికాకులు, తెల్ల కంకణములును చేరును.

కొండకును పక్షికిని భేదమేమనగా, కొండ మనకొఱకు నిలిచియుండును, పక్షి నిలువదు. కొండవద్ద ఎచ్చట నిలువవలెనో మనము నిర్ణయించుకొందుము. పక్షివద్ద ఆ నిర్ణయము పక్షిది. ఇచ్చటనే దీర్ఘ కటకముయొక్క నిజమైన ప్రయోజనము తెలియవచ్చును.

లెక్క చూడుడు. గూడబాతు పొడవు సుమారు 130 సెంటీమీటర్లు. అది 50 మీటర్ల దూరమున నున్నదనుకొందము. 50 కటకముతో చట్రముమీద పడు బింబము 1.3 మిల్లీమీటర్లు, అనగా ఆవగింజంత. 100 తో 2.6 మిల్లీమీటర్లు. 400 తో 10 మిల్లీమీటర్లకు పైన, అనగా చట్రపు ఎత్తులో రమారమి సగము. ఇక అదే దూరమున లకుముకి పిట్ట కూర్చున్నచో, దాని పొడవు జానెడైనను లేదు గనుక, 400 తో తీసినను మరల ఆవగింజంతయే వచ్చును. పక్షి పరిమాణము తెలియక కటకముయొక్క శక్తిని గూర్చి మాటలాడుట వ్యర్థము.

దీర్ఘ కటకము పక్షిని పెద్దది చేసినట్లే మన చేతి వణుకును గూడ పెద్దది చేయును. చేతపట్టి తీయునపుడు సెకనులో 400వ వంతుకన్న ఎక్కువ సేపు షట్టరు తెఱచియుంచరాదని 400 కటకమునకు పాత నియమము. నేటి కటకములలో వణుకును సరిచేయు యంత్రాంగము కలదు. అది చేతి వణుకును మాన్పునుగాని ఱెక్కల కదలికను ఆపజాలదు. ఎగురు పక్షికి సెకనులో 1000వ వంతో, అంతకన్న తక్కువయో కావలెను. స్పష్టతయును ఇఱుకైనదే. 20 మీటర్ల దూరమునగల పక్షిని 5.6 వద్ద తీసినపుడు తేటగా నుండు లోతు మూడడుగులకు లోపు. ముక్కు తేటగా నుండి కన్ను మసకబాఱిన చిత్రము పనికిరాదు. కావున దృష్టిని ఎల్లప్పుడు కంటిమీదనే నిలుపవలెను.

మఱునాడు పులికాటు సరస్సునకు పోయితిమి. సూళ్ళూరుపేటనుండి శ్రీహరికోటకు పోవు మార్గము సరస్సు నడుమనుండియే సాగును. ఇరువైపుల లోతులేని ఉప్పునీటిలో ఫ్లెమింగోలు గుంపులుగా మేయుచుండెను. ఉదయము 7 గంటలకు 400 కటకముతో తీసిన చిత్రములలో దూరపు పక్షులయొక్క వంపుముక్కులు సైతము స్పష్టముగా నుండెను. 11 గంటలకు అదేచోట, అదే కటకముతో, ముక్కాలి పీటపైననే తీసిన చిత్రములలో పక్షులు నీటిలో కరగిన రంగులవలె వచ్చినవి. ఎండకు వేడెక్కిన బురదనేలపైనుండి గాలి అలలుగా లేచి వెలుగును చెదరగొట్టుటయే కారణము. కటకముయొక్క నాభ్యంతరమును రెట్టింపు చేయు అదనపు గాజును తగిలించి చూచితిమి. బింబము రెట్టింపైనది, మసకయు రెట్టింపైనది, వెలుగు నాలుగవ వంతునకు పడిపోయినది.

ఇది ఆకాశవాణిలో పనిచేయువారికి పరిచితమైన సంగతియే. వక్త మైక్రోఫోనునకు దూరముగా కూర్చున్నపుడు ధ్వనిని హెచ్చించినచో ఆయన కంఠముతోపాటు పంకా చప్పుడు, కుర్చీ చప్పుడు కూడ హెచ్చును. నడుమనున్న దూరమును ఏ యంత్రమును తుడిచివేయజాలదు. వేళ మార్చుకొనుట ఒక్కటే ఉపాయము. పక్షులను తీయగోరువారికి ఉదయపు మొదటి రెండు గంటలును వేయి రూపాయల గాజుకన్న విలువైనవి.

దగ్గఱకు పోరాదా యని కొందరు అడుగవచ్చును. మేము అచ్చట నుండగనే ఒక సందర్శకుల బృందము గట్టుదిగి బురదలోనికి పోయి, పక్షులు ఎగిరినచో చిత్రము బాగుండునని చప్పట్లు చఱచెను. గుంపంతయు లేచి ఆవలికి పోయెను. వారికి చిత్రము దొరికినదేమోగాని, పక్షులకు ఆ పూట మేత చెడినది. గూళ్ళవద్ద ఈ నష్టము ఇంకను పెద్దది. గూడబాతు పిల్ల పుట్టినపుడు దాని ఒంటిమీద ఈకలుండవు. తల్లియో తండ్రియో ఎండకు అడ్డముగా నిలిచి నీడ పట్టవలెను. బెదరి అవి లేచిపోయినచో, కొద్దిసేపటిలోనే ఎండ పిల్లలను మాడ్చును, కాకులు గ్రుడ్లను ఎత్తుకొనిపోవును. మన ఆల్బములో ఒక చిత్రము, గూటిలో ఒక చావు. ఈ బేరము ఎవరికిని సమ్మతము కాదు.

కావున మేము కటకముల పరీక్షకు కొత్త కొలబద్ద యొకటి పెట్టుకొంటిమి. పక్షి తలయెత్తని దూరమే ఆ కొలబద్ద. ఫ్లెమింగో తల నీటిలో నున్నంతసేపు అది మనలను లక్ష్యపెట్టలేదని అర్థము. మెడలు వరుసగా లేచినచో అది హెచ్చరిక. గుంపంతయు ఒకేదిక్కునకు నడక సాగించినచో మనము హద్దు దాటితిమని అర్థము, వెంటనే వెనుకకు తగ్గవలెను. పక్షి తన పని తాను చేసికొనుచుండగా తీసిన చిత్రము తేటగా వచ్చినదా? వచ్చినచో ఆ కటకము పరీక్షలో నెగ్గినది. రానిచో కటకము మార్చవలెను, లేదా చిత్రమును గూర్చిన మన ఆలోచన మార్చవలెను. మేము రెండవదియు చేసితిమి. నేలపట్టులో 400 కటకమును పెట్టెలో నుంచి, 100 కటకముతో కావలి గోపురముపైనుండి చెరువును, చెట్లను, చెట్లపై తెల్లని పూలవలె కూర్చున్న గూడబాతులను కలిపి తీసితిమి. రెండు యాత్రలలోను మాకు దక్కిన మేలైన చిత్రము అదియే. పక్షి ముఖము అందులో కానరాదు. పక్షి యిల్లు కానవచ్చును.

పూర్వులు ఈ దూరపు సమస్యను ఎన్నో ఉపాయములతో ఎదుర్కొనిరి. ఇంగ్లండులో రిచర్డు కీర్టన్, చెర్రీ కీర్టన్ అను సోదరులు 1892లో గ్రుడ్లతో కూడిన పక్షిగూటిని ఫొటో తీసినవారు. తదుపరి వారు ఎద్దు చర్మముతో బోలు ఎద్దును చేయించి, దానిలోపల కెమెరాతో దాగి పక్షులను తీసిరి. మన పొరుగున మదరాసులో నివసించిన ఎం. కృష్ణన్ నలుపు తెలుపు చిత్రములలో మన అడవి ఏనుగులను అమరముగా నిలిపిన ప్రకృతి రచయిత. ఆయన వాడిన కెమెరాలలో ఒకటి వేర్వేరు భాగములను తెచ్చి స్వయముగా కూర్చుకొన్నది. 1970లో ఆయనకు పద్మశ్రీ లభించెను. వీరికి నేటి గాజు లేదు. ఓర్పు ఉన్నది, జంతువు నడవడి తెలిసిన కన్ను ఉన్నది.

దూరము తగ్గించు మార్గము మఱియొకటి కలదు. గుంటూరు సమీపమున ఉప్పలపాడులోను, శ్రీకాకుళము జిల్లా తేలినీలాపురములోను పక్షులు ఊరిని ఆనుకొని గూళ్ళు కట్టును. ఆ గ్రామస్థులు వానిని కొట్టరు, కొట్టనీయరు. మనుష్యులనిన భయము తగ్గినందున అచ్చట 400 తో పనిలేకుండ 100 కటకమునకే ఎన్నో చిత్రములు చిక్కును. ఊరివారి దయ కటకముయొక్క పొడవును తగ్గించినది! ఆ నమ్మకమును చెడగొట్టకుండుట సందర్శకుల ధర్మము. సంరక్షణ కేంద్రములలో ప్రవేశమునకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అనుమతి కావలెను. అట్టి అనుమతి నిచ్చుటకు చట్టము పేర్కొన్న ప్రయోజనములలో ఛాయాగ్రహణమును ఒకటి.

ఇక ఇంటింట చేతిలోనున్న ఫోను మాట. నేటి ఫోనులలో రెండు మూడు కటకములు కలవు. అవి కొండకు, చెరువునకు చక్కగా సరిపోవును. కాని వ్రేళ్ళతో తెరను సాగదీసి దూరపు కొంగను పెద్దది చేయునపుడు, ఫోనులోని కటకముల శక్తిని మించినపిమ్మట జరుగునది చిత్రమును కత్తిరించి సాగదీయుటయే. అందులో కొత్త వివరమేదియు చేరదు. ఫోనుతో దృశ్యమును తీసికొని, పక్షిని దుర్భిణితో తనివితీర చూచుట మేలు.

కొత్త కటకము కొనదలచినవారు ముందుగా తమవద్దనున్న దానితోనే ఒక నెల తిరుగుదురు గాక. తీసిన చిత్రములను పరచుకొని, వానిలో ఎన్నింటను దృశ్యము చాలక వెనుకకు జరుగవలసివచ్చినదో, ఎన్నింటను వస్తువు చిన్నదై నిరాశ కలిగెనో లెక్కింపవలెను. మొదటి లెక్క హెచ్చైనచో విశాల కటకము, రెండవది హెచ్చైనచో దీర్ఘ కటకము. పట్టణములలో కటకములు అద్దెకును దొరకుచున్నవి. రెండుదినములు అద్దెకు తెచ్చి, గోడమీది వార్తాపత్రికతో మొదలిడి, ఊరిచెరువు గట్టున ముగింపుడు. గట్టుమీద నిలిచినపుడు కొంగ మీవైపు తలయెత్తి చూచెనా లేదా యని మాత్రము మఱవక గమనింపుడు.